ఐజాక్ చేతి బిల్డు

ఆదివారం ఆరాధన మధ్యలో ఐజాక్ ఫోను మోగకపోవడంతో మొదలైంది ఈ గొడవంతా.

మామూలు మనుషులకి చర్చిలో ఫోను మోగితే సిగ్గు. ఐజాక్‌కి మాత్రం అదో వైభోగం. పాస్టరుగారు ప్రసంగం మంచి పట్టులో ఉండగా జేబులో ఫోను బుర్రుమనాలి. తను మొహం చిట్లించుకుని, వీళ్ళు నాకు ఆదివారం కూడా లేకుండా చేశారన్నట్టు తలాడించుకుంటూ బయటికి నడవాలి. వెనక బల్లల వాళ్ళు "పాపం, అతను లేకపోతే అక్కడ పనే నడవదట" అని గుసగుసలాడుకోవాలి. పన్నెండేళ్ళుగా ఇదే వరస. అలాంటిది వరసపెట్టి మూడు ఆదివారాలు ఫోను నోరెత్తలేదు. మూడో ఆదివారం ఐజాక్ ప్రార్థనలో కళ్ళు మూసుకుని కూడా జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

"ఛార్జింగుందో లేదో ఓపాలి సూసుకోండి" అంది భార్య గ్రేసీ, నవ్వు పెదాల కింద దాచుకుని.

ఛార్జింగు నిండా ఉంది. లేనిది పిలుపు. ఆ పిలుపు ఎవరి ఫోనుకి పోతోందో ఐజాక్‌కి తెలుసు, అందుకే కడుపులో మంట.

మధురవాడలో ఒక మూడో అంతస్తులో ఉంది వాళ్ళ కంపెనీ. లారీ కాటాలకి సాఫ్ట్‌వేర్ చేస్తారు. లారీ కాటా ఎక్కగానే బరువు కేబుల్లోంచి కంప్యూటర్లోకొచ్చి, ఖాళీ తూకం పోగా సరుకెంతో లెక్కకట్టి స్లిప్పు కొట్టే ప్రోగ్రాం. పోర్టు పక్క బొగ్గు యార్డు దగ్గర్నుంచి పల్లెల్లో రైసు మిల్లుల దాకా ముప్పై ఎనిమిది చోట్ల నడుస్తోంది. రాసేది పదిమందైనా, ఆ రాసిందంతా కలిపి కంపైల్ చేసి కాటా దగ్గర పెట్టగలిగే బిల్డు, అంటే నడిచే ప్రోగ్రాం, తీసేది మాత్రం ఐజాక్ మెషీనొక్కటే. అది పాత డబ్బా, ఫ్యానుకి దగ్గు. ఇంకో మెషీన్ మీద కంపైల్ చేస్తే తెరంతా ఎర్రెర్రగా ఎర్రర్లు. ఐజాక్ ఆ డబ్బా మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి మీట నొక్కితే చక్కగా బిల్డు దిగేది. ఐజాక్ సెలవు పెడితే కంపెనీ మొత్తం చేతులు కట్టుకుని కూర్చోవలసిందే.

"నీ చెయ్యి మంచిది బ్రదర్" అనేవాడు యజమాని ఆనందకుమార్. ఆ మాట వింటే ఐజాక్‌కి ఆ పూట భోజనం అక్కర్లేదు.

ఎనిమిది నెలల కిందట ఆ ఆఫీసులోకి అనమ్ వచ్చింది. ఓల్డ్ టౌన్ పిల్ల, ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న హుస్సేన్ బాషాది గడియారాల రిపేరు కొట్టు. వచ్చిన వారానికే ఐజాక్ దగ్గర నిలబడింది.

"సార్, ఖాళీ మెషీన్‌లో మన కోడు దించి కంపైల్ చేస్తే నూట పద్నాలుగు ఎర్రర్లు వస్తున్నాయి. మీ దాంట్లో ఎందుకు రావు?"

"దానికి అలవాటమ్మా" అన్నాడు ఐజాక్ పెద్దరికంగా.

"మెషీన్‌కి అలవాటేంటి సార్?"

అడగాల్సిన మాటేనా అది! వయసెంత, నోరెంత! ఐజాక్ నవ్వేసి ఊరుకున్నాడు గానీ ఆ రోజే ఆ పిల్లంటే ఒళ్ళు మండింది. అనమ్ మాత్రం ఇంకెవర్నీ అడగలేదు. ఒక నోటుబుక్కు తెచ్చుకుని ఎర్రర్లు ఒక్కొక్కటే రాసుకుంది. ఏ లైబ్రరీ ఏ ఫోల్డర్లోంచి రావాలో, ఏది ముప్పై రెండు బిట్లదో, ఏది అరవై నాలుగు బిట్లదో, ఎక్కడ ఐజాక్ డి-డ్రైవు పేరు కోడులోనే దిగబడిపోయి ఉందో అన్నీ. ఒకటి సరిచేశాక దాని పక్కన టిక్కు. ఆర్నెల్లు తిరిగేసరికి నూట పద్నాలుగు టిక్కులు. ఆఖరి రోజు ఆనందకుమార్ సొంత లాప్‌టాప్ మీద, ప్రార్థనా గీర్థనా లేకుండా, ఆనందకుమారే మీట నొక్కితే బిల్డు దిగింది. ఆఫీసంతా చప్పట్లు. ఐజాక్ కూడా కొట్టాడు, కొట్టకపోతే బాగుండదని. తన పేరున పన్నెండేళ్ళు నిలిచిన మహిమ పోయి ఒక నోటుబుక్కులో టిక్కులైపోయిందే అని లోపల ఒకటే ఏడుపు.

ఆ తర్వాత అన్నీ గుచ్చుకునేవే. ఆ పిల్ల టీ తాగుతుంటే కుళ్ళు, నవ్వితే కుళ్ళు. అందరూ "అనమ్‌ని అడుగు" అంటుంటే పుండు మీద కారం చల్లినట్టుండేది. ఇంటికొచ్చి గ్రేసీ దగ్గర వెళ్ళగక్కుకునేవాడు.

"ఆయమ్మి మీ ముద్ద లాక్కుపోనాదేటండీ? పని నేర్సుకుంది, సేసుకుంటంది" అనేది గ్రేసీ. "కడుపుమంటకి మజ్జిగ పన్జెయ్యదు, నాను ఎన్ని గ్లాసులు కలపగల్ను?"

ఇక్కడితో ఊరుకున్నా సరిపోను. శుక్రవారం ఆనందకుమార్ ఐజాక్‌ని గదిలోకి పిలిచాడు.

"రేపు బొగ్గు యార్డులో అనమ్ బిల్డు పెట్టి చూద్దాం బ్రదర్. ఒకటో కాటాకి కొత్తది, రెండో కాటాకి పాతదే ఉంటుంది. సాయంత్రం దాకా ఒకటో కాటా ఆగకుండా నడిస్తే ముప్పై ఎనిమిది చోట్లా ఆ అమ్మాయే పెడుతుంది. నువ్వింక ఎండలో తిరగక్కర్లేదు, ఆఫీసులో కూర్చుని సలహాలు చెబుదువుగాని. నడవకపోతే ఎప్పటిలాగే నువ్వే."

సలహాలు చెప్పడమంటే ఏమిటో ఐజాక్‌కి తెలియదా? మూలన కుర్చీ వేసి కూర్చోబెట్టడం. రేపు ఆ బిల్డు నడిచిందా, తన చేతికి దణ్ణం పెట్టే కాటా ఈ జిల్లాలో ఒక్కటీ మిగలదు. బొగ్గు యార్డు తనకి బాగా తెలుసు కాబట్టి అనమ్‌కి తోడుగా వెళ్ళమన్నారు. వెళ్ళాడు.

శనివారం పొద్దున్నే యార్డు ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. బొగ్గు మసి గాల్లోనే ఉంటుంది అక్కడ, కీబోర్డు మీద వేలు పెడితే వేలు నల్లబడాల్సిందే. రెండు కాటాల మధ్య చిన్న గది, ఆ రెండింటికీ కలిపి ఒకటే కంప్యూటర్. దాని ముందు గవర్రాజు, కాటా ఆపరేటరు.

"ఏటి బావా, ఇయాళ కొత్త డాక్టర్ని తెచ్చినావు? నీ సెయ్యి సల్లగా ఉండగా మరొకలెందుకు?" అన్నాడు ఐజాక్‌తో.

ఐజాక్‌కి ప్రాణం లేచొచ్చింది. "కాలం మారింది బావా" అన్నాడు వినయం ఒలకబోస్తూ.

అనమ్ పది నిమిషాల్లో కొత్త ప్రోగ్రాం పెట్టింది. తెర అందంగా తెరుచుకుంది. మొదటి లారీ కాటా ఎక్కింది, గవర్రాజు మీట నొక్కాడు. బరువు పడాల్సిన చోట ఒక ఎర్రరు వచ్చింది, ప్రోగ్రాం పనిచేయడం ఆగిపోయిందని. మూసి తెరిచారు. మళ్ళీ అదే. మూడోసారీ అదే.

ఆ ఎర్రరు చూడగానే ఐజాక్‌కి సంగతి తెలిసిపోయింది. లోకంలో తెలిసింది అతనొక్కడికే.

పన్నెండేళ్ళ కిందట కంపెనీ మొట్టమొదటి కాటా పద్మనాభంలో చలమయ్య గారి రైసు మిల్లులో పెట్టారు. ప్రోగ్రాం ఐజాక్ మెషీన్ మీద నడుస్తుంది, మిల్లులో నడవదు. ధాన్యం బళ్ళు ఆగిపోయాయి, ఐజాక్‌కి ముచ్చెమటలు పోశాయి. చివరికి కాటా కేబుల్‌తో మాట్లాడే ఫైలొకటి తన మెషీన్‌లో ఉంది, అక్కడ లేదని పట్టుకున్నాడు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి విండోస్ ఫోల్డర్లో పడేసి, అది ఎక్కడుందో విండోస్‌కి తెలిసేలా రిజిస్టర్ చేశాడు. ఆ కంగారులో డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసుకున్నాడు. చలమయ్య చూసింది ప్రార్థన ఒక్కటే. "నీ సెయ్యి మంచిది నాయినా" అని ఆ పెద్దాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అప్పుడు చెప్పేస్తే సరిపోయేది, చెప్పలేదు. అప్పట్నుంచీ ప్రతి చోటా అందర్నీ బయటికి పంపి, ప్రార్థనా చేసేవాడు, పెన్‌డ్రైవూ పెట్టేవాడు. ప్రార్థన దొంగది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. దాచింది పెన్‌డ్రైవ్ సంగతి.

అలాంటి ఫైలుకి విండోస్‌లో చిరునామా ఒకటే ఉంటుంది. అనమ్ ప్రోగ్రాం కొత్త ఫైలు తెచ్చుకున్నా, విండోస్ దాన్ని ఐజాక్ పాత ఫైలు ఇంటికే పంపుతోంది. అక్కడికెళ్ళి అది చస్తోంది. అంతే కథ. ఒక్క మాట చెబితే అయిదు నిమిషాల పని.

ఐజాక్ కుర్చీ వెనక్కి వాల్చుకుని టీ తాగాడు. చాన్నాళ్ళకి టీ రుచిగా ఉంది.

అనమ్ చాలాసేపు తంటాలు పడింది. మైక్రోసాఫ్ట్ రన్‌టైం మళ్ళీ పెట్టింది. యాంటీవైరస్ అడ్డుపడుతోందేమో చూసింది. తారీఖు రాసే పద్ధతి మార్చి చూసింది. చివరికి ఇటు తిరిగింది.

"సార్, ఇక్కడ మీరు విడిగా ఏదైనా పెట్టారా?"

"లేదే" అన్నాడు ఐజాక్. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

మధ్యాహ్నం అనమ్ టిఫిను డబ్బా విప్పింది. వాళ్ళమ్మ సర్దార్ బీ రొట్టెలూ ఖీమా కట్టింది, ఇద్దరికీ సరిపడా. "మీరు వస్తున్నారని చెప్పాను సార్, అమ్మీ ఎక్కువ పెట్టింది." ఐజాక్ తిన్నాడు. ఖీమా బ్రహ్మాండంగా ఉంది, అదీ ఒక కోపమే అయింది. తింటూ ఆ పిల్ల కబుర్లు చెప్పింది. వాళ్ళ అబ్బా ఏ గడియారంలోంచి ఏ మర తీసినా పారేయడట, అది పనికిరానిదైనా సరే. చిన్న చీటీ మీద గడియారం ఎవరిదో పేరు రాసి, దారంతో కట్టి పెడతాడట. "మన కంటికి చెత్తే సార్, వాళ్ళకి అది తాతల నాటి మర అయ్యుండొచ్చు కదా అంటాడు." ఐజాక్ ఊఁ కొట్టి చెయ్యి కడుక్కున్నాడు.

చెయ్యి తుడుచుకునే లోపల అనమ్ ఏదో చిన్న ప్రోగ్రాం నడిపింది. కాటా ప్రోగ్రాం ఏ ఫైలు ఏ ఫోల్డర్లోంచి లాక్కుంటోందో వరసగా చూపించేది. కిందికి జరుపుతూ జరుపుతూ ఒక చోట ఆగిపోయింది.

"విండోస్ ఫోల్డర్లో పాత ఫైలొకటుంది సార్. మన ప్రోగ్రాం దీన్నే పట్టుకుంటోంది. ఇదెవరు పెట్టారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కాబోలు. ఐజాక్ చెయ్యి దానంతటదే జేబులో పెన్‌డ్రైవ్ మీదికి పోయింది.

"ఎవరికి తెలుసు? వైరసేమో. తీసెయ్."

అనమ్ అతని మొహంకేసి ఒక్క క్షణం చూసింది. "రెండో కాటాకి ఇది అవసరం లేదు కదా సార్?"

"అక్కర్లేదు."

తీసేసింది, తన ఫైలు రిజిస్టర్ చేసింది. లారీ ఎక్కింది. ఇరవై ఎనిమిది టన్నుల చిల్లర, టక్కున తెర మీద పడింది. స్లిప్పు వచ్చింది. తర్వాతి లారీకీ, ఆ తర్వాతి లారీకీ. "ఒచ్చీసింది! అమ్మాయి గట్టిదే బావా" అన్నాడు గవర్రాజు. ఐజాక్‌కి ఏడుపొక్కటే తక్కువ. పక్కన రెండో కాటా కూడా నడుస్తూనే ఉంది. పాత ప్రోగ్రాం పొద్దున తెరిచింది కాబట్టి దాని ఫైలు ఇంకా మెమరీలోనే ఉంది. దాన్ని మూసి తెరిచిన క్షణాన ఏమవుతుందో ఐజాక్‌కి తెలుసు. షిఫ్టు మారే వేళకి గవర్రాజు దాన్ని మూసి తెరుస్తాడనీ తెలుసు. నోరు విప్పలేదు.

మూడింటికి ఆనందకుమార్ కారు దిగాడు. ఒకటో కాటా స్లిప్పులు చూసి, "శభాష్" అన్నాడు అనమ్‌తో. ఆ శభాష్ ఇంకా గాల్లో ఉండగానే గవర్రాజు షిఫ్టు లెక్క తీయడానికి రెండో కాటా ప్రోగ్రాం మూశాడు, తెరిచాడు. తెరుచుకోలేదు.

"ఏటయ్యిందేటి? బాబో, రెండో కాటా సచ్చిపోనాది!"

అయిదు నిమిషాల్లో లారీలు గేటు దాటి రోడ్డు మీదికి పేరుకున్నాయి. హారన్లు, తిట్లు. స్టీల్ ప్లాంటుకి వెళ్ళాల్సిన లోడు కాటా మీదే ఇరుక్కుంది. యార్డు మేనేజరు వచ్చి ఆనందకుమార్ మీద ఎగిరాడు, ఆనందకుమార్ అనమ్ మీద ఎగిరాడు.

"ఏం చేశావమ్మా?"

"ఒక పాత ఫైలు తీశాను సార్."

"ఎవర్ని అడిగి తీశావు?"

అనమ్ తల దించుకుంది. ఐజాక్ వైపు చూడనూ లేదు. నోటుబుక్కు గుండెకి ఆనించుకుని నిలబడింది.

"ఐజాక్ బ్రదర్, ఆ ఫైలేంటో నీకేమైనా తెలుసా?"

"తెలీదు సార్" అన్నాడు ఐజాక్, తేలు కుట్టిన దొంగలా.

"సరే, నువ్వు లేమ్మా. బయట నిలబడు. బ్రదర్, నువ్వు కూర్చో, నీ చెయ్యి పెట్టు."

అడిగింది అదే, దొరికింది అదే. ఐజాక్ కుర్చీలో కూర్చున్నాడు. అలవాటుగా అందరూ గది ఖాళీ చేశారు. కిటికీలోంచి చూస్తే అనమ్ లారీ పక్కన నిలబడి ఉంది, ఎండలో, చున్నీ అంచుతో మొహం మీద మసి తుడుచుకుంటూ. ఐజాక్ పెన్‌డ్రైవ్ తీశాడు. ఫైలు కాపీ చేద్దామని ఫోల్డరు తెరిచాడు.

అక్కడ అనమ్ చేసిన చిన్న ఫోల్డరొకటి ఉంది. తెరిచాడు. తీసేసిన ఫైలు అందులో భద్రంగా ఉంది. పాత పేరు పక్కన, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఉంది. "ఐజాక్ సార్‌ది. పారేయొద్దు."

చీటీ కట్టింది! దారంతో మరకి కట్టినట్టు కట్టింది. తెలుసన్నమాట. తెలిసే అడిగింది, తెలిసే తల దించుకుని తిట్లు తింది, తెలిసే ఇప్పుడు ఎండలో నిలబడింది. ఐజాక్‌కి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. సిగ్గు వచ్చింది సరే, అంతకంటే ముందు వచ్చింది ఏమిటో చెబితే నవ్విపోతారు. కుళ్ళే వచ్చింది! పని వచ్చు, ఓర్పుంది, ఆఖరికి ఈ గుణం కూడా దీనికేనా, నాకొక్కటీ మిగల్చదా అని. పన్నెండేళ్ళలో ఒక్కరి పేరైనా తను ఎక్కడైనా ఇలా రాశాడా?

డబ్బా మీద చెయ్యి పెట్టాడు. ప్రార్థనకి మాట రాలేదు.

లేచి తలుపు తీశాడు. "అనమ్, లోపలికి రామ్మా. నువ్వే కూర్చో." వెనకే వచ్చిన ఆనందకుమార్‌కేసి తిరిగాడు. "ఆ ఫైలు నాదే సార్. పన్నెండేళ్ళ నుంచీ నేనే పెడుతున్నాను. అడిగితే లేదన్నాను. వైరస్సు, తీసెయ్ అన్నదీ నేనే. ఈ పిల్ల తప్పేం లేదు."

గవర్రాజు "ఓరి నీ!" అని ఆగిపోయాడు.

అనమ్ కూర్చుని పని చూసింది. విండోస్ చిరునామా జోలికి పోకుండా, ఐజాక్ ఫైలు పాత ప్రోగ్రాం ఫోల్డర్లో, తన ఫైలు కొత్త ప్రోగ్రాం ఫోల్డర్లో పెట్టి, ఎవరి ఫైలు వాళ్ళింట్లోంచే తీసుకోమని రెండు ప్రోగ్రాములకీ పక్కన చిన్న కాగితం లాంటి ఫైలు రాసింది. పావుగంటకి రెండు కాటాలూ నడిచాయి. రోడ్డు మీద హారన్లు తగ్గాయి. ఆనందకుమార్ "సోమవారం మాట్లాడదాం" అని ఐజాక్‌తో ముక్తసరిగా అని కారెక్కాడు. బ్రదర్ అనలేదు.

గవర్రాజు లారీలు సర్దడానికి బయటికి పోతే గదిలో ఐజాక్, అనమ్ ఇద్దరే మిగిలారు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఫైలు తారీఖు చూడగానే సార్. మీ మెషీన్‌లో ఉన్నదీ అదే తారీఖు."

"మరి ఆనందకుమార్ గారితో చెప్పలేదేం?"

"మీరు చెబుతారేమో అని చూశాను."

ఐజాక్ పెన్‌డ్రైవ్ తీసి కీబోర్డు పక్కన పెట్టాడు. "ఇది ఇక్కడొక్కచోటే లేదు. అన్ని చోట్లా ఉంది. ఇది తెలీకుండా వెళ్తే ప్రతి చోటా ఈ రోజులాగే అవుతుంది నీకు. రాసుకో."

అనమ్ నోటుబుక్కు తెరిచింది. ఐజాక్ చెప్పుకుంటూ పోయాడు. తగరపువలస కంకర కాటా, గాజువాక ఇనుప కాటా, భీమిలి రోడ్డులో ఇసుక కాటా. ఒక్కో పేరు చెప్పినప్పుడల్లా ఒక్కో చోట తన చేతులు పట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఒక్కో పేరు ఆ పిల్ల బుక్కులోకి పోయింది. ఈ యార్డు కాక ముప్పై ఆరు అయ్యాయి.

అక్కడ ఐజాక్ నోరు ఆగింది. ఒక్కటి. ఒక్కటి ఉంచుకుంటే ఏం పోయింది? చలమయ్య పెద్దవాడైపోయాడు, ఇంకెవర్నీ రానివ్వడు, ఐజాకే రావాలంటాడు. ఏ ఆదివారమో ఆ కాటా ఆగిపోతుంది. అప్పుడు ఫోను మోగుతుంది.

"అయిపోయాయా సార్?" అంది అనమ్, పెన్ను ఎత్తి పట్టుకుని.

అవునందామని నోటి దాకా వచ్చింది. బుక్కులో ఆ పిల్ల ప్రతి పేరు పక్కనా చిన్నగా ఏదో రాసుకుంటూ వచ్చింది. వంగి చూశాడు. ముప్పై ఆరు చోట్లా ఒకటే మాట, ఐజాక్ సార్‌ది.

"ఇంకొకటుంది" అన్నాడు. "పద్మనాభం, చలమయ్య గారి మిల్లు. మొదటిది అదే. రాసుకో."